'చాలు' అనడం ఎలా

మొన్న కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతుంటే ఫోనులో ఒక ఈమెయిలు వచ్చింది. "ప్రియమైన స్వచ్ఛంద రచయితకు, మన సైటును ఈ నెలాఖరుతో మూసివేస్తున్నాము. మీరు రాసిన వ్యాసాలు కావాలంటే ఈలోగా దాచుకోగలరు" అని. నన్ను ఎవరైనా స్వచ్ఛంద రచయిత అని పిలిచి ఎన్నేళ్ళయిందో. చదువుతూ చదువుతూ ఏరడం వల్ల ఆ రోజు ఇంటికి వచ్చినవన్నీ ముదురు బెండకాయలే. పులుసులో వేసినా మెత్తబడలేదు. మా ఆయన పీచు తీసి కంచం పక్కన పెడుతూ, "ఏంటి, ఎవరైనా పోయారా?" అని అడిగారు. పోయింది మనిషి కాదు, ఒక వెబ్‌సైటు అని చెప్తే, మరి దానికింత పీచెందుకు అన్నట్టు చూశారు.

ఆ సైటు పేరు "ఎలాగంటే". ఏ పని ఎలా చేయాలో అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. ప్రతి వ్యాసం పేరూ "ఎలా" అని ముగియాలి, లోపల మెట్టు ఒకటి, మెట్టు రెండు అని వరసగా చెప్పాలి. అడుగున ఎప్పుడూ ఒక ప్రశ్న ఉండేది: "ఈ పద్ధతి మీకు పని చేసిందా?" పక్కనే రెండు బొత్తాలు, "అవును", "లేదు". వ్యాసం మొదటి పేజీకి ఎక్కాలంటే రాసినవాళ్ళు కాకుండా బయటి మనిషి ఒకరు దాన్ని అక్షరాలా చేసి చూసి "అవును" నొక్కాలి. అది నిర్వాహకులు పెట్టిన నియమం. వినడానికి చిన్నదే గానీ నా ప్రాణం తోడేసింది.

నేనప్పుడు డిగ్రీ అయిపోయి నిడదవోలులో ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉండడం తప్పు కాదు గానీ, వచ్చిన ప్రతివాళ్ళూ కాఫీ గ్లాసు అందుకుంటూ "అమ్మాయి ఏం చేస్తోందండి?" అని అడిగేవారు. అమ్మ బడిపంతులమ్మ కనక "చూస్తోందండి" అని పొడిగా ఊరుకునేది. నాన్నగారు "బ్యాంకు పరీక్షలకి తయారవుతోందండి" అని నేను ఎన్నడూ తెరవని పుస్తకాల వైపు చెయ్యి చూపించేవారు. మామ్మ మాత్రం, అంటే నాన్నగారి అమ్మ, గర్వంగా "మా బుజ్జి కంప్యూటర్లో ఉందండి" అనేది, నన్నెవరో అందులో పెట్టి మూత బిగించినట్టు. ఒక్క వ్యాసం మొదటి పేజీలో కనబడితే చాలు, ఈ ప్రశ్నకి నేనే జవాబు చెప్పొచ్చని నా ఆశ. నాన్నగారితో బేరం కూడా కుదిరింది. వేసవి దాటేలోగా నా పేరు మొదటి పేజీలో వస్తే రాత పనే చూసుకోవచ్చు. రాకపోతే నోరెత్తకుండా రాజమండ్రిలో బ్యాంకు కోచింగులో చేరాలి. కూడికలు తీసివేతలంటే నాకు ఎంత భయమో నాన్నగారికి తెలుసు. తెలిసే ఆ బేరం పెట్టారని ఇప్పటికీ నా అనుమానం.

మొదట రాసింది "దోమతెర కట్టడం ఎలా". పద్నాలుగు మెట్లు. గోడకి మేకులెక్కడుండాలి, తాడు ముడి ఏ చేత్తో వేయాలి, పరుపు కింద అంచులు ఏ వరసలో దోపాలి, ఒక్కటీ వదల్లేదు. ఎవరో మహానుభావుడు అలాగే చేసి "లేదు" నొక్కి, కింద ఇలా రాశాడు: "అన్ని మెట్లూ సరిగ్గా వచ్చాయి. దోమలన్నీ లోపలున్నాయి, నేను బయటున్నాను." కట్టే ముందు దోమల్ని తోలాలని రాయడం మరచిపోయాను. మా ఇంట్లో ఆ పని మామ్మది. రోజూ దీపాలవేళకి ముందు వేపాకు పొగ వేసి, తువ్వాలుతో గది నాలుగు మూలలా విదిలించి, ఆ తర్వాతే తెర దించేది. పొద్దున కాఫీ డికాక్షను వాసన, మధ్యాహ్నం ఎదుటి రైసుమిల్లు నుంచి తవుడు వాసన, సాయంత్రం ఈ వేపాకు పొగ. మా ఇంట్లో గడియారం చూడకుండానే వేళ తెలిసేది. చిన్నప్పటి నుంచి పీలుస్తున్న పొగ గనక అది కూడా ఒక మెట్టేనని నాకు తట్టలేదు.

ఇక నాన్నగారి సంగతి. ఆయన ధవళేశ్వరంలో కాలువల ఆఫీసులో పనిచేసేవారు. ఎవరు ఏ ఉత్తరం రాసినా ముందు ఆయన బల్ల మీదకి వచ్చి, ఎర్రసిరాతో దిద్దించుకుని గానీ పైకి వెళ్ళేది కాదు. "ఎలాగంటే"లో ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చని ఒకసారి నోరు జారి చెప్పాను. అంతే, అక్కడి నుంచి సాయంత్రం రైలు దిగి ఇంటికి రావడం, కాళ్ళు కడుక్కోవడం, కాఫీ తాగడం, కంప్యూటరు మీద కప్పిన కుట్టు గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టడం, కూర్చోవడం. నేను "కుక్కరు మూత తీయండి" అని రాస్తే ఆయన "సదరు కుక్కరు మూతను, ఆవిరి పూర్తిగా తగ్గినదని నిర్ధారించుకున్న పిమ్మట, దయచేసి తీయగలరు" అని దిద్దేవారు. ప్రతి వ్యాసానికీ ముందు "ముందుగా కాసిన్ని మంచినీళ్ళు తాగండి" అని ఒక మెట్టు చేర్చేవారు. నీళ్ళ మోటారు బాగుచేయడానికి కూడా. "ఎందుకండీ?" అని అడిగితే, "పాపం, ఎంత దూరం నుంచి వచ్చి చదువుతున్నారో" అన్నారు.

ఈ "సదరు"ల్ని ఓపిగ్గా తీసేసే మనిషి ఒకాయన ఉండేవారు. తునిలో లెక్కల మాస్టారు, సైటుకి నిర్వాహకుడు కూడా. పేరు సూర్యారావుగారు. కొలత లేని మాట ఆయనకి గిట్టదు. "కాస్త ఉప్పు" అని రాస్తే "కాస్త అంటే ఎన్ని చెంచాలండి?" అని వెంటనే ప్రశ్న వచ్చేది. ఆయన "సదరు" తీసేస్తారు. నాన్నగారు మళ్ళీ పెడతారు. ఆయన మళ్ళీ తీసి, "ఈ మాట అక్కర్లేదేమోనని నా చిన్న మనవండి, పెద్దవారు, తప్పుగా అనుకోకండి" అని చర్చ పేజీలో రాస్తారు. నాన్నగారు "అయ్యో, ఎంతమాటండి, మీరు చెప్పడం మా అదృష్టమండి" అని రాసి, "సదరు" మళ్ళీ పెడతారు. ఇలా పదకొండు విడతలు జరిగింది. పన్నెండోసారి సైటు దానంతటదే ఆ పేజీలో ఇద్దరికీ తాళం వేసి, "వినియోగదారులు తగవు మానుకోవాలి" అని ఎర్ర అక్షరాల్లో ప్రకటించింది. నాన్నగారి మొహం వాడిపోయింది. "తగవేంటే? ఆయన్ని పల్లెత్తు మాట అన్నానా? మా నాన్నకి కూడా ఇంత మర్యాదగా రాయలేదు నేను" అన్నారు. ఆ బాధలో ఆయనకి తోచిన పరిహారం మా వైపు అందరికీ తోచేదే. మాస్టారిని ఆదివారం భోజనానికి పిలిచారు.

సరిగ్గా అప్పుడే నేను నా అసలు వ్యాసం పూర్తి చేశాను. దాని పేరు "చుట్టాలింట్లో వడ్డిస్తుంటే 'చాలు' అనడం ఎలా". దాని కోసం నా జీవితమంతా పరిశోధన చేశానంటే అబద్ధం కాదు. మా వైపు ఎవరింటికైనా భోజనానికి వెళ్ళడమంటే సొంత కాళ్ళ మీద వెళ్ళి, ఎవరో ఒకరు పట్టుకుంటే తిరిగి రావడం. బాగుందంటే ఇంకో గరిటె వేస్తారు. బాగుందనకపోతే బాధపడి వేరే కూర తెస్తారు. కడుపు నొప్పి అంటే వాము చారు పెట్టి, అందులోకి కాస్త అన్నం అంటారు. వీటన్నిటికీ విరుగుడుగా ఆరు మెట్లు రాశాను. ముఖ్యమైనవి రెండు. మూడో మెట్టు, గరిటె కనబడగానే రెండు అరచేతులూ ఆకుకి అడ్డం పెట్టాలి. ఆరో మెట్టు, ఇంకేదీ పనిచేయకపోతే మాట్లాడకుండా ఆకు మడిచేయాలి. మడిచిన ఆకులో వడ్డించే మనిషి భూమ్మీద పుట్టలేదని ధైర్యంగా రాశాను.

మాస్టారు ఆ వ్యాసం చదివి ముచ్చటపడ్డారు. "ఎలాగూ మీ ఇంటికి వస్తున్నాను గదమ్మా, అక్కడే పరీక్షిస్తాను. పని చేస్తే సాయంత్రానికల్లా మొదటి పేజీలో పెడతాను" అని రాశారు. అక్కడే చిక్కొచ్చింది. ఎందుకంటే వడ్డించేది మామ్మ. ఎత్తు నాలుగున్నర అడుగులు, చెవులకి రాళ్ళ దుద్దులు, చేతిలో పొడుగు కాడ గరిటె. ఆవిడ చేత వడ్డించుకుని "చాలు" అని నెగ్గిన మనిషి ఆ వీధిలో లేడు. పంచాయితీలకి ఎదురుతిరిగినవాళ్ళు కూడా ఆవిడ పప్పుకి తలొంచారు. శనివారమంతా వంటింట్లో ఆవిడ చుట్టూ తిరిగి బతిమాలాను.

"మామ్మా, రేపాయన చాలంటే ఆపెయ్యవే. నా జీవితం దాని మీదుంది."

"అదేంటే, నేనేమైనా రాక్షసినా? చాలంటే ఆపనూ?" అంది మామ్మ, మినప్పప్పు కడుగుతూ.

"ఎప్పుడాపావు?"

గిన్నెలో నీళ్ళు వంచింది. "నిజంగా చాలన్నవాళ్ళు ఇప్పటిదాకా రాలేదమ్మా. అందరూ మొహమాటానికే అంటారు."

ఆదివారం పదకొండింటికి మాస్టారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నూలు సంచిలో తుని మామిడిపళ్ళు, చొక్కా జేబులో నా వ్యాసం అచ్చు కాపీ. నాన్నగారూ ఆయనా గుమ్మంలోనే "మీరు ముందు" అంటే "మీరు ముందండి" అనుకుంటూ అయిదు నిమిషాలు నిలబడ్డారు. చివరికి మామ్మ "ఇద్దరూ కలిసి రండి బాబూ, గారెలు చల్లారిపోతున్నాయి" అని కేకేసింది. అరిటాకులు పరిచి ఉన్నాయి. నాటుకోడి కూర, గారెలు, గుత్తివంకాయ, ములక్కాడ పులుసు, గడ్డపెరుగు. అన్నిటినీ దాటుకుని కొత్త ఆవకాయ ఘాటు ముక్కుకి తగులుతోంది. నేను మాత్రం గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. మాస్టారు కాగితం తీసి ఆకు పక్కన పెట్టుకుని, పెన్ను తెరిచి, మంచినీళ్ళు తాగారు. అది నాన్నగారి మెట్టు. నాన్నగారి కళ్ళు చెమర్చాయి.

నాలుగు గారెల దాకా అంతా సవ్యంగా జరిగింది. అయిదో గారె రాబోతుంటే మాస్టారు "చాలండి" అన్నారు. "ఆయ్, చాలండి, మరి మా ఇంట్లో బేసి సంఖ్య వడ్డించంగా" అంటూ మామ్మ రెండు వేసింది. లెక్కల మాస్టారు గనక ఆయన దాని గురించి ఒక క్షణం ఆలోచించారు. అదే పొరపాటు, ఆ క్షణంలో కూర పడింది. ఆయన మూడో మెట్టు ఎక్కారు. రెండు అరచేతులూ ఆకు మీద గొడుగులా పట్టారు. మామ్మ ఆగింది. ఆగడం చూసి నేను లోపల్లోపల గెంతేశాను. ఆవిడ గరిటె పక్కకి పెట్టి, ఎంతో కుతూహలంగా, "బాబూ, మీ తుని మామిడికాయ ఒక్కోటి ఎంతెంత ఉంటుందండి?" అని అడిగింది.

మాస్టారు కొలతల మనిషి. "ఇంతుంటుందండి" అని రెండు చేతులూ ఎత్తి చూపించారు. ఆ ఖాళీలోంచి గరిటెడు గుత్తివంకాయ, దాని వెనకే నెయ్యి.

నాలుగో మెట్టు, డాక్టరు వద్దన్నారని చెప్పడం. "ఆయన మన వంట తినలేదు కదండీ, తింటే అలా చెప్పరు" అంది మామ్మ. అయిదో మెట్టు, మాట మార్చడం. ఆయన వానల సంగతి ఎత్తితే మామ్మ వింటూనే వడ్డించింది. కాగితం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మాస్టారు చివరికి ఆరో మెట్టు ఎక్కారు. ఆకు మడిచేశారు. నాన్నగారు నమలడం ఆపేశారు. నెగ్గాననుకున్నాను. మామ్మ ఆ మడిచిన ఆకుని చూసి, నొచ్చుకుంటూ, "అయ్యయ్యో, ఆకు చిరిగిందాండీ? చెప్పరేం బాబూ" అని, వెనక్కి తిరిగి కొత్త ఆకు తెచ్చి పరిచి, నీళ్ళు చిలకరించి, తుడిచి, గారెల దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

మాస్టారు మధ్యాహ్నమంతా మా వరండాలో మడత మంచం మీద కదలకుండా పడుకున్నారు. సాయంత్రం బండికి వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి, "క్షమించమ్మా, అబద్ధం నొక్కలేను" అన్నారు. ఆ మర్నాడు వ్యాసం కింద "లేదు" అని పడింది. పైన పసుపుపచ్చ పట్టీ ఒకటి వచ్చింది: "ఈ పద్ధతి పని చేసినట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు." నేను దొడ్లో అంట్ల గట్టు మీద కూర్చుని ఏడ్చాను. మామ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏమ్మా, నా వల్లేనా? మరి ఆయన సరిగ్గా తినలేదే" అంది. నాకు ఒళ్ళు మండిపోయి, "అసలు నువ్వు ఎలా చేస్తావో చెప్పు!" అని అరిచాను. నిజంగా అడుగుతున్నాననుకుంది. చెప్పడం మొదలుపెట్టింది.

చేతులు అడ్డం పెడితే చేతులతో జవాబు చెప్పే ప్రశ్న అడగాలట. వడ్డించేటప్పుడు ఆకు వైపు చూడకూడదట, మనిషి మొహం వైపే చూడాలట, అప్పుడు వాళ్ళు కూడా మన మొహమే చూస్తారట. "కావాలా?" అని ఎప్పుడూ అడగకూడదట, అడిగితే వద్దంటారట. ఏడుపు ఆపి లోపలికెళ్ళి కాగితం తెచ్చుకున్నాను. తొమ్మిది మెట్లు తేలాయి. "వచ్చినవాళ్ళు చాలన్నా వడ్డించడం ఎలా" అని పేరు పెట్టి, రాసినవారు అన్నచోట మామ్మ పేరు, నా పేరు కలిపి వేశాను. నాన్నగారు మొత్తం చదివి, మొదటిసారి ఒక్క అక్షరం దిద్దలేదు. మంచినీళ్ళ మెట్టు మాత్రం చేర్చారు. పావుగంటలో తుని నుంచి "అవును" అని పడింది. దాని కింద మాస్టారి సాక్ష్యం: "ఈ పద్ధతిని నామీద పరీక్షించారు. నిస్సందేహంగా పని చేస్తుంది. ఈ రోజుకీ ఆకలి వేయలేదు." ఆ వారమే అది మొదటి పేజీకి ఎక్కింది. మామ్మ కంప్యూటరు ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, తన పేరు తెరమీద వేలితో తడిమి చూసుకుంది. ఆ తర్వాత ఎవరొచ్చి ఏం చేస్తోందని అడిగినా నేను నోరు విప్పకముందే "మేం రాస్తామండి" అని చెప్పేది.

నేను కోచింగుకి వెళ్ళలేదు. రాస్తూనే ఉన్నాను, ఇదిగో ఇప్పటికీ. ఇప్పుడు మా ఇంటికి ఎవరైనా వస్తే గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి "మొహమాటపడకండి, మీరే వేసుకోండి" అంటాను. వాళ్ళు చాలంటే సరే అంటాను. అందరం చక్కగా, తేలిగ్గా లేస్తాం. ఒక్కోసారి ఎవరైనా రెండు చేతులూ కంచానికి అడ్డం పెడితే మాత్రం నాకు నోటి దాకా వస్తుంది, మీ ఊరి మామిడికాయ ఎంత ఉంటుందండి అని. ఎందుకో అడగను. అడిగే హక్కు నాకింకా రాలేదనిపిస్తుంది.

మామ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. మంచం మీదే అన్నీ. జావ తప్ప ఏదీ దిగేది కాదు, అది కూడా నాలుగు చెంచాలయ్యాక మూతి బిగించేది. తొమ్మిది మెట్లూ నాకు కంఠతా వచ్చు. "మామ్మా, ఆ మాస్టారి తుని మామిడికాయ ఎంతుందే?" అనేదాన్ని. మామ్మకి నవ్వొచ్చేది. నవ్వడానికి నోరు తెరవగానే చెంచా పెట్టేసేదాన్ని. "దొంగపిల్లా, నా విద్య నాకేనా" అని మింగేది. అలా నెల పైనే నడిచింది. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే నవ్వు, ఒక చెంచా ఎక్కువ. ఒక మధ్యాహ్నం అలాగే అడిగాను. మామ్మ నవ్వలేదు. నా మొహంలోకే చూస్తూ, చేతిని మెల్లగా గిన్నె మీద పెట్టి, "చాలమ్మా" అంది. అది మొహమాటం కాదని నాకు తెలిసిపోయింది. చెంచా కింద పెట్టేశాను.

నిన్న ఆ పాత పేజీ తెరిచాను. పసుపుపచ్చ పట్టీ అలాగే ఉంది, ఈ పద్ధతి పని చేసినట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదని. అడుగున అదే ప్రశ్న, అవే రెండు బొత్తాలు. మామ్మ చెయ్యి అడ్డం పెట్టిన ఆ మధ్యాహ్నం మూడో మెట్టు పని చేసిన సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. నిజం చెప్పాలంటే "అవును" నొక్కాలి, మాస్టారైతే అదే నొక్కేవారు. చాలాసేపు చూసి "లేదు" నొక్కాను.